యాభై ఎనిమిదో వరస

ముప్పై నాలుగేళ్ళు కాలేజీ బస్సు నడిపిన మనిషి ఒక్క కాలేజీ లోపల కూడా అడుగు పెట్టలేదంటే ఎవరూ నమ్మరు. కానీ మన డ్రైవరు సంగతి అంతే. గేటు దాకా వెళ్ళడం, పిల్లలు దిగాక బండి తిప్పుకొని రావడం. ఏ గేటు ముందు బస్సు ఒక్క మలుపులో తిరుగుతుందో, ఏ గేటు ముందు మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాలో కళ్ళు మూసుకొని చెప్పగలడు. చెప్పమని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. మూడో తరగతితో బడికి దణ్ణం పెట్టేసిన మనిషి, పైగా మాటకు మహా పిసినారి. భార్య బతికుండగా ఆమే ఇద్దరి వంతూ మాట్లాడేది. ఇప్పుడా వంతు కూతురు ఫోనులో మాట్లాడుతుంది.

ఆయన రిటైరైన ఏడాది కూతురు తన పాత టాబ్లెట్ తెచ్చి చేతిలో పెట్టింది. ఇంటర్నెట్‌లో విజ్ఞాన సర్వస్వం ఒకటుందనీ, దాన్ని ఎవరైనా చదవచ్చనీ, తప్పులుంటే ఎవరైనా దిద్దచ్చనీ చెప్పింది. ఎవరైనా అంటే నేనైనానా అని అడిగాడు. నువ్వైనా సరే నాన్నా అంది.

ఆయన మొదట వెతికింది ఊళ్ళో కాలేజీల జాబితా. నలభై నాలుగు పేర్లున్నాయి. అందులో రెండు పక్క ఊరివి. ఒకటి సోఫాల దుకాణం. ఒకే కాలేజీ రెండు పేర్లతో రెండు చోట్ల కూర్చుని ఉంది. ఇంత కంగాళీలో కూడా కూతురు చదివిన కాలేజీ మాత్రం లేదు.

అది రైలు వంతెన పక్కన, బస్తాల గోడౌను మీద రెండు గదుల్లో నడిచిన సాయంకాలం కాలేజీ. పగలు పనులు చేసుకొనేవాళ్ళకి ఐదున్నర నుంచి పాఠాలు చెప్పేవారు. ఆరేళ్ళు నడిచి మూతపడింది. కూతురు పగలు కళ్ళద్దాల దుకాణంలో నిలబడి, సాయంత్రం అక్కడ కూర్చుని డిగ్రీ తెచ్చుకుంది. ఇప్పుడు ఆసుపత్రి లాబులో పెద్ద ఉద్యోగం. ఆ మూడేళ్ళూ డ్రైవరు ఆఖరి ట్రిప్పు అయ్యాక ఖాళీ బస్సు వంతెన పక్కన ఆపుకొని ఆమె దిగి వచ్చేదాకా కూర్చునేవాడు. పైన మేష్టరు గొంతు కిటికీలోంచి కిందికి వినపడేది. రైలు వచ్చినప్పుడల్లా ఆయన పాఠం ఆపి, రైలు వెళ్ళిపోయాక ఆపిన మాట దగ్గరే మళ్ళీ అందుకొనేవాడు. ఆ పాఠాల్లో డ్రైవరుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ అందుకోవడం మాత్రం భలే నచ్చేది.

ఒంటి వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఆ కాలేజీ పేరు జాబితాలో ఎక్కించాడు. మర్నాటికి ఎవరో తీసేశారు. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ తీసేశారు. పక్కన "ఆధారం లేదు" అని రెండు ముక్కలు.

ఎక్కించిన పేరు ఎవరూ తీసేయకుండా ఉండాలంటే ఏం చెయ్యాలని కూతుర్ని అడిగాడు. ఏ పేరు అన్నది ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. జాబితా మొత్తం బాగుచేసి, సాటివాళ్ళ చేత సమీక్ష చేయించి, నక్షత్రం తెప్పించుకోవాలని చెప్పింది. నక్షత్రం వచ్చిన జాబితాలో ఒక్క వరస కదపాలన్నా ముందు చర్చ జరిగి తీరాలి, ఎవడో ఒకడు వచ్చి గీకేసి పోవడం కుదరదు. ఆ రోజునుంచి నక్షత్రం ఆయన తలకెక్కి కూర్చుంది.

ఎనిమిది నెలలు తిరిగాడు. బస్సెక్కి, బండి నడిపేవాడి వెనక సీట్లో కూర్చుని, ప్రతి గేటు దగ్గరా దిగాడు. కళ్ళతో చూసింది ఆధారం కాదనీ, అచ్చులో ఉన్నదే ఆధారమనీ తెలిశాక ఆయనకు రెండు రోజులు అన్నం సయించలేదు. అయినా వాచ్‌మన్లను బతిమాలి కరపత్రాలు సంపాదించాడు. జాబితా అరవై మూడు వరసలైంది. యాభై ఎనిమిదోది సాయంకాలం కాలేజీ. దాని ఆధారం గడి ఒక్కటే ఖాళీ. అరవై మూడింటి మధ్య ఎవరి కంటా పడదులే అనుకున్నాడు.

ఇక సమీక్ష. ఇక్కడే ఆయన వియ్యంకుడు రంగంలోకి దిగాడు.

కూతురి మామగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు చేసి రిటైరయ్యాడు. తక్కెడ కనిపిస్తే తప్పు పట్టకుండా కదలని మనిషి. రిటైరయ్యాక తక్కెడలు లేవు గనక ఇంట్లో గోడ గడియారం దగ్గరనుంచి పేపర్లో ముగ్గుల పోటీ దాకా అన్నిటికీ తప్పులు పడుతూ పొద్దుపుచ్చుతున్నాడు. జాబితా సంగతి కోడలి నోట విని, మనం ఉండగా పరాయివాళ్ళ చేత సమీక్షేమిటమ్మా అని తనే కూర్చున్నాడు. తక్కెడ అనే పేరుతో ఖాతా తెరిచాడు. డ్రైవరు అప్పటికే స్టీరింగు అనే పేరుతో ఉన్నాడు.

జాబితా గురించి మాట్లాడుకొనే చర్చాపేజీలో మొదటి సూచన వచ్చింది: కాలేజీలను పుట్టిన సంవత్సరం వారీగా పేర్చాలి. కూతుర్నిచ్చిన ఇంటి పెద్ద నోరు తెరిచి అడిగితే కాదనడం ఎలా? డ్రైవరు "అలాగే బావగారూ" అని రాసి, అరవై మూడు వరసలూ చేత్తో ఒక్కొక్కటీ మోసుకెళ్ళి సర్దాడు. నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు, పేర్ల అక్షరక్రమంలో ఉంటే బాగుంటుందేమో అని రెండో సూచన. అలాగే బావగారూ. మళ్ళీ నాలుగు రోజులు. నొక్కగానే అన్నీ వాటంతట అవే సర్దుకొనే మీట ఒకటుందని ఆయనకు ఏడో సర్దుడు అయ్యాక తెలిసింది. ఎన్ని సర్దుళ్ళైనా దేని నంబరు దానికే ఉంచాడు. గేట్ల గడి పెట్టమంటే పెట్టాడు, ఎందుకులే తీసేయమంటే తీసేశాడు. కాలేజీ ఆటస్థలం విస్తీర్ణం చదరపు అడుగుల్లో వేయమంటే వేశాడు, చదరపు మీటర్లలో అంటే మార్చాడు. ఏ సూచనకైనా ఒకటే జవాబు.

నలభై ఒకటో సూచన అయ్యాక సమీక్షలకు పెద్దగా ఉండే తూనీగ వచ్చింది. ఆడో మగో, ఏ ఊరో ఎవరికీ తెలియదు, పేరు మాత్రం తూనీగ. చర్చాపేజీ అంతా చదివి ఇలా రాసింది:

"నలభై ఒక్క సూచనలు, నలభై ఒక్క 'అలాగే బావగారూ'లు లెక్కించాను. అందులో పదకొండు సూచనలు అంతకుముందు సూచనలకు పూర్తిగా ఎదురు. అడిగింది మంచో చెడో ఎవరూ వాదించలేదు. ఇది సమీక్ష కాదు, మర్యాద. మీరిద్దరూ బంధువులా?"

వియ్యంకులమని డ్రైవరు ఉన్నమాట రాశాడు. తూనీగ అరగంట ఆలోచించినట్టుంది. వియ్యంకులైతే పక్షపాతం ఉంటుందన్న భయం తనకు లేదనీ, కాకపోతే పది రోజుల్లోగా నిజమైన చర్చ కనబడకపోతే నక్షత్రం దరఖాస్తు మూసేస్తాననీ తేల్చింది. మూస్తే మళ్ళీ ఏడాది దాకా వేయడానికి లేదు.

డ్రైవరు లెక్క వేసుకున్నాడు. ఏడాది అంటే ఈలోగా ఎవడో ఒకడు యాభై ఎనిమిదో వరస గీకేస్తాడు. మూడో రోజు ఉదయం వియ్యంకుడి ఇంటికి బయల్దేరాడు.

ముందుగదిలో ఇన్‌స్పెక్టరు ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. వియ్యపురాలు టీ తెచ్చిచ్చి, ఈయన నస భరిస్తున్నందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి అన్నయ్యగారూ అని చెప్పి లోపలికెళ్ళింది. విషయం తేలిగ్గానే తేలింది. ఇద్దరూ కలిసి పోట్లాడాలి. రాతలో. పైవాళ్ళు నమ్మేలా.

తీరా ఎలా పోట్లాడాలి అనేసరికి పేచీ వచ్చింది. మీరు గెలవండంటే మీరు గెలవండని కాసేపు నడిచింది. పెద్దవారు మీరని డ్రైవరు, కష్టపడింది మీరని ఇన్‌స్పెక్టరు. చివరికి ఇన్‌స్పెక్టరు ఒక అభ్యంతరం పెట్టేటట్టూ, డ్రైవరు మూడుసార్లు కాదనేటట్టూ, ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు ఒప్పుకొనేటట్టూ కుదిరింది. అభ్యంతరం దేనిమీదో ముందే చెప్పమంటే ఇన్‌స్పెక్టరు ఒప్పుకోలేదు.

"ముందే తెలిస్తే మీ రాతలో వేడి పుట్టదు బావగారూ. ఆ సంగతి నాకొదిలేయండి" అన్నాడు.

తర్వాత, నలభై ఒక్క సూచనలు తను కావాలని ఇచ్చినవి కాదని కూడా చెప్పుకొన్నాడు. పదో సూచనకే సరుకైపోయింది. కానీ ఆపేస్తే, పూర్తిగా చదవకుండానే వదిలేశాడని మీరెక్కడ నొచ్చుకుంటారోనని, లేనివి కల్పించి మరీ ఇస్తూ వచ్చాడట. డ్రైవరు తను సర్దిన వరసలన్నీ ఒకసారి తలుచుకొని టీ తాగాడు.

ఆ చనువులోనే ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించి ఒక రహస్యం కూడా విప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన దుకాణాల రాళ్ళు సరిచూడటానికి వెంట తిప్పిన కిలో రాయి ఏడు గ్రాములు ఎక్కువుండేది. రెండేళ్ళ దాకా ఎవరూ కనిపెట్టలేదు. ఆ రెండేళ్ళూ సరైన రాళ్ళు వాడే దుకాణాలన్నిటిమీదా ఈయన కేసులు రాశాడు. ఇంట్లో ఆవిడకి కూడా చెప్పలేదు, మీకొక్కరికే అన్నాడు. డ్రైవరు తలూపాడు. రహస్యం దాచాలంటే అంతకంటే నోరులేని మనిషి దొరకడు గదా.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి అభ్యంతరం పడింది.

"యాభై ఎనిమిదో వరసకు ఆధారం లేదు. మొహమాటం కొద్దీ ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. గోడౌను మీద రెండు గదులట. అటువంటి కాలేజీ అసలు ఉన్నదా అన్నదే నా అనుమానం. ఉన్నా దాన్ని కాలేజీ అనడం మిగతా అరవై రెండింటికీ తలవంపులు. తొలగించాలి."

డ్రైవరు అది నాలుగుసార్లు చదివాడు. తర్వాత ఒంటి వేలితో, జీవితంలో మొదటిసారి, వియ్యంకుడికి "కాదు" అని రాశాడు.

అక్కడ ఇన్‌స్పెక్టరుకి ఇది మహా సరదాగా ఉన్నట్టుంది. పది నిమిషాల్లో రెండో బాణం వేశాడు. ఆధారం ఏదని అడిగాడు. నేను చూశాను అని డ్రైవరు. చూసింది చెల్లదు, తూచిందే చెల్లుతుంది అని ఇన్‌స్పెక్టరు. మూడోసారి డ్రైవరు కాదంటే, ఒప్పందం ప్రకారం ఇన్‌స్పెక్టరు తగ్గాలి. కానీ డ్రైవరు అప్పటికి ఒప్పందం మరిచిపోయాడు. మరిచిపోయి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇరవై నిమిషాలు పట్టి ఇలా రాశాడు:

"మీ రాయి ఏడు గ్రాములు ఎక్కువుండి రెండేళ్ళు మంచివాళ్ళ మీద కేసులు రాశారు. మీరు తూచింది మాత్రం చెల్లుతుందా."

చర్చాపేజీలో రాసింది ఎవరూ చెరపలేరన్న సంగతి ఆ మధ్యాహ్నమే ఇద్దరికీ విడివిడిగా తెలిసింది. రెండున్నరకి జవాబొచ్చింది. అందులో బావగారూ లేదు.

"గేటు బయట బస్సులో కూర్చున్నవారికి లోపల చదువు జరిగిందో కునుకు తీశారో ఎలా తెలుస్తుంది?"

డ్రైవరు టాబ్లెట్ బోర్లించి పెట్టి, బయటికెళ్ళి, మెట్టు మీద కూర్చున్నాడు. పక్కింటాయన వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉందన్నాడు. ఆ పూట ఆయన మాట్లాడింది అంతే.

మర్నాడు సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. అత్తగారింట్లో పరిస్థితి అంతా చెప్పింది. మామగారు ఒంటికాలి మీద లేస్తున్నారు. అత్తగారు అంతా చదివేసి, ఏడు గ్రాముల సంగతి ముప్పై ఏళ్ళు నాకు చెప్పకుండా దాచారు, ఇంకెన్ని దాచారోనని వంటింట్లో గిన్నెలతో మాట్లాడుతున్నారు. ఇంతకీ గొడవ దేని గురించా అని తను చర్చాపేజీ తెరిచి చూస్తే యాభై ఎనిమిదో వరస కనబడింది.

"నాన్నా, ఎనిమిది నెలలూ దీనికోసమా తిరిగావు?" అంది.

డ్రైవరు ఫోను రెండో చెవికి మార్చుకొన్నాడు. తర్వాత ఆమె, అన్నం దగ్గర మామగారికి తను చదివింది ఆ కాలేజీలోనేనని చెప్పేశానంది. పెళ్ళిచూపులనాడు డిగ్రీ ఉందా అని అడిగారు, ఉందన్నాం, ఎక్కడిదని వాళ్ళడగలేదు, మనం దాచనూ లేదు. ఆ మాట విని మామగారి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఏమన్నాడు?" అన్నాడు డ్రైవరు.

"'నాకు తెలియదమ్మా, తెలిస్తే ఆ తలవంపుల మాట రాసేవాణ్ణి కాదు' అన్నారు. మళ్ళీ, 'అయినా ఆధారం ఆధారమే కదమ్మా' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"నిజమే మామయ్యగారూ, ఆధారం లేకుండా ఉంచమని నేనూ అనను అన్నాను."

డ్రైవరుకి ఒళ్ళు మండింది. కూతురు నెమ్మదిగా, ఆ పేరు జాబితాలో లేనంత మాత్రాన నా డిగ్రీ ఎక్కడికీ పోదు, నా కోసమైతే వదిలెయ్ నాన్నా అంది.

"నీ కోసం కాదు" అన్నాడు డ్రైవరు. "అది ఉండేది. నేను రోజూ చూశాను. మీ మేష్టరు రైలు వెళ్ళేదాకా ఆగేవాడు. ఉన్నదాన్ని లేదంటే ఊరుకోమంటావా?"

ఆయన ఒక్క ఊపిరిలో అన్ని మాటలు మాట్లాడటం కూతురు ఎప్పుడూ వినలేదు. సరే నాన్నా అని పెట్టేసింది.

ఆరో రోజున ఆయన వంతెన దగ్గరికి వెళ్ళాడు. గోడౌను ఉంది. పై గదుల్లో ఇప్పుడు కోళ్ళదాణా బస్తాలున్నాయి. అడిగితే, కాలేజీయా, ఇక్కడా, అని నవ్వారు. మేష్టరు ఎప్పుడో ఊరు వదిలి వెళ్ళిపోయాడట. ఏడో రోజున యూనివర్సిటీకి వెళ్ళి, మొదటిసారి గేటు దాటి లోపలికి నడిచి, పాత కాగితాల గదిలో అడిగాడు. ఆ సంవత్సరాలవి వర్షానికి తడిసిపోతే పారేశామన్నారు. కూతురి సర్టిఫికెట్ మీద యూనివర్సిటీ పేరే తప్ప కాలేజీ పేరు లేదు. ఎనిమిదో రోజున ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళడానికి ఎక్కడా మిగల్లేదు. మర్నాడు పొద్దున్న టాబ్లెట్ తెరిచి, ఆ వరస తనే తీసేసి, మిగతా అరవై రెండింటికైనా నక్షత్రం ఇమ్మని అడుగుదామనుకొని, అదీ చేతులు రాక మూసేశాడు.

ఆ మధ్యాహ్నం చర్చాపేజీలో తక్కెడ రాసింది ఇది:

"యాభై ఎనిమిదో వరసకు ఆధారం దొరికింది. మా శాఖ ఏటా ముద్ర వేసిన కాటాల జాబితా పుస్తకంగా అచ్చువేస్తుంది. ఆ సంవత్సరాల పుస్తకాలు నా పెట్టెలో నాలుగున్నాయి. నాలుగింటిలోనూ ఆ గోడౌను కాటా చిరునామా ఇలా ఉంది: 'సాయంకాలం కాలేజీ కింద, రైలు వంతెన పక్క.' చిరునామా రాసి సంతకం చేసిన ఇన్‌స్పెక్టరు నేనే. నాలుగేళ్ళు అక్కడికెళ్ళి కాటా వైపే చూశాను, తలెత్తి పైకి చూసినట్టు నాకు గుర్తులేదు. అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. గేటు బయట కూర్చున్నవారి గురించి రాసింది కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఏడు గ్రాముల సంగతి చెరపడానికి లేదని తెలిసింది గనక, ఏ సంవత్సరంలో మొదలై ఎప్పుడు సరిచేశారో కింద పూర్తిగా రాస్తున్నాను. సగం సంగతి ఉండటం కంటే మొత్తం ఉండటం నయం."

కింద నిజంగానే అంతా రాశాడు. తేదీలతో సహా, కేసులు పడిన దుకాణాల సంఖ్యతో సహా. పుస్తకాల పేజీల ఫోటోలు కూడా పెట్టాడు. నాలుగు ఫోటోల్లోనూ వియ్యపురాలి బొటనవేలు కనిపిస్తోంది. పేజీ పట్టుకొన్నది ఆవిడే మరి.

డ్రైవరు చదివి, "చూశాను" అని ఒక్క ముక్క రాశాడు.

కాటాల జాబితా కాలేజీకి ఆధారమవుతుందా అని తూనీగ పట్టుబట్టింది. కాలేజీ గొప్పదనానికి కాదు గానీ, అక్కడొక కాలేజీ ఉండేదనడానికి అవుతుందని తక్కెడ వాదించాడు. మూడు గంటలు వాదించాడు. ఇంకో ఇద్దరు సమీక్షకులు ఎక్కడినుంచో వచ్చి చెరో పక్కా చేరారు. పదో రోజు సాయంత్రానికి తూనీగ ఒప్పుకుంది. తను చూసిన చర్చల్లో ఇంత నిజమైనది ఇంతవరకూ లేదని, మర్యాద మాత్రం ఇంకొంచెం ఉండొచ్చని రాసి, జాబితా నెత్తిన నక్షత్రం పెట్టింది.

కూతురు ఫోనులో యాభై ఎనిమిదో వరసను పైకి చదివి వినిపించింది. పేరు, చోటు, నడిచిన ఆరేళ్ళు, మూతపడింది, ఆధారం తూనికల శాఖ. చదివి, బాగుంది నాన్నా అంది. ఊఁ అన్నాడు.

వారం గడిచింది. వియ్యంకుల మధ్య రాకపోకలు లేవు. ఎవరు ముందు వెళ్ళాలో ఇద్దరికీ తేల్లేదు. ఒక ఉదయం డ్రైవరు బస్సులో వెళ్తూ, పన్నెండో వరసలో ఉన్న కాలేజీ పాత చోట లేదని గమనించాడు. రెండు వీధులవతలికి మారింది. ఇంటికొచ్చి దిద్దబోతే జాబితా ఒప్పుకోలేదు. నక్షత్రం ఉంది గనక ముందు చర్చ జరగాలంది. సరేనని చర్చాపేజీలో సూచన రాశాడు.

పది నిమిషాల్లో తక్కెడ నుంచి జవాబు: "ఒప్పుకోను బావగారూ. ఆధారం?"

డ్రైవరు ఆ వాక్యాన్ని కాసేపు చూశాడు. చూసి, చెప్పులు తొడుక్కొని బస్టాపుకి నడిచాడు. అక్కడ నీడలో ఇన్‌స్పెక్టరు ఒక చేత గొడుగూ ఒక చేత ఫోనూ పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"మీరొక్కరే వెళ్ళి తెస్తే నేనెలా నమ్మను?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నమ్మొద్దు" అన్నాడు డ్రైవరు, పక్కకు జరిగి నీడలో చోటిస్తూ.

బస్సొచ్చింది. బండి నడిపేవాడి వెనక సీటు ఒక్కటే ఖాళీగా ఉంది, ఇద్దరికి సరిపోయేది. కిటికీ పక్క ఎవరు కూర్చోవాలన్న దాని మీద ఇద్దరూ మూడు స్టాపులు వాదించుకొన్నారు.